మూలపత్రం ముందు విద్యార్థి: రాష్ట్రచరిత్ర బోధనలో ప్రాథమిక ఆధారాల వినియోగం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు రాష్ట్రాల డిగ్రీ, స్నాతకోత్తర తరగతులలో రాష్ట్రచరిత్ర పాఠం శాసనాలను, కైఫియత్తులను, రాజకీయ ఒప్పందాలను పేర్కొంటుంది కాని చదివించదు. పేర్కొన్న ఆధారం విద్యార్థికి ఒక సంవత్సరంగా, ఒక పేరుగా మిగులుతుంది. కలమళ్ల, చందుపట్ల, మోటుపల్లి శాసనాలు, మెకంజీ కైఫియత్తులు, 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఆధారంగా, మూలం చెప్పినదానికీ పాఠం చెబుతున్నదానికీ మధ్య ఏర్పడిన దూరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆధారాన్ని రుజువుగా కాక రచనగా చదివించడం ఎందుకు అవసరమో, అందుకు తెలుగు అధ్యాపకుని పాత్ర ఏమిటో చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రాథమిక ఆధారాలు, శాసన పఠనం, చందుపట్ల శాసనం, మోటుపల్లి అభయశాసనం, కైఫియత్తులు, శ్రీబాగ్ ఒడంబడిక, పెద్దమనుషుల ఒప్పందం, చరిత్ర బోధన.

1. ప్రస్తావన:

తొలి తెలుగు శాసనం ఏదని అడిగితే పోటీపరీక్షలకు సిద్ధమవుతున్న ఏ విద్యార్థి అయినా తడుముకోకుండా సమాధానం చెబుతాడు: కలమళ్ల శాసనం, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు, సామాన్యశకం 575. సమాధానం సరైనదే. మార్కు వస్తుంది. అయితే ఆ 575 అన్న సంఖ్య రాతి మీద ఎక్కడ ఉందని అదే విద్యార్థిని అడిగితే మౌనమే సమాధానమవుతుంది. ఎందుకంటే అది రాతి మీద లేదు. కలమళ్ల శాసనంలో శకసంవత్సరం లేదు. అక్షరాల రూపాన్ని బట్టి, రేనాటి చోళుల వంశక్రమాన్ని బట్టి లిపిశాస్త్రజ్ఞులు నిర్ణయించిన కాలమది. శాసనంలో కొన్ని భాగాలు శిథిలమైపోయాయి కూడా. అంటే విద్యార్థి శాసనవిషయంగా కంఠస్థం చేసినది నిజానికి శాసనంలోని విషయం కాదు. పరిశోధకుల అంచనా. అంచనా తప్పని కాదు. అది అంచనా అన్న సంగతి పాఠంలో నుండి జారిపోయిందన్నదే ఇక్కడి సమస్య.

రాష్ట్రచరిత్ర బోధనలో ప్రాథమిక ఆధారాలను ప్రవేశపెట్టాలన్న మాట కొత్తది కాదు. జాతీయ పాఠ్యపుస్తకాలలో, ముఖ్యంగా పన్నెండవ తరగతి చరిత్ర పుస్తకాలలో, పాఠం మధ్య గడి కట్టి మూలాధారాలను ముద్రించే పద్ధతి ఉంది. రాష్ట్రాల పుస్తకాలూ ఆ దారిలో కొంత నడిచాయి. కాని గడిలో ఉన్నది చాలాసార్లు నాలుగు పంక్తుల ఆధునిక భాషానువాదం. ముందు పేరాలో చెప్పిన విషయాన్ని బలపరచడానికే అది అక్కడ ఉంటుంది. ఆధారం పాఠాన్ని ప్రశ్నించే స్థలంలో లేదు, పాఠానికి సాక్షి సంతకం చేసే స్థలంలో ఉంది. పరీక్షకు ఆ గడి నుండి ప్రశ్న రాదు కనుక తరగతిలో దానిని దాటిపోవడం ఆనవాయితీ అయింది.

అమెరికన్ విద్యాపరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో చరిత్రకారులకూ చురుకైన ఉన్నతపాఠశాల విద్యార్థులకూ ఒకే పత్రాలను ఇచ్చి, వారు చదువుతూ ఏమి ఆలోచిస్తున్నారో పైకి చెప్పించాడు. చరిత్రకారులు ముందుగా పత్రం ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూశారు. విద్యార్థులు మొదటి పంక్తి నుండి చివరి పంక్తి వరకు సమాచారం కోసం చదువుకుంటూ పోయారు. ఆ విద్యార్థులకు చరిత్ర విషయాలు తెలియక కాదు, పత్రాన్ని ఒక మనిషి ఒక అవసరం కొద్దీ చేసిన పనిగా చూడడం తెలియక అలా జరిగింది. తెలుగు తరగతి గదికి ఈ పరిశీలన అక్షరాలా వర్తిస్తుంది. ఇక్కడ అదనపు చిక్కు ఒకటుంది. మూలపత్రాల భాష, లిపి కూడా విద్యార్థికి దూరమైనవే.

2. శాసనం ఆగినచోట పాఠం ఆగదు - చందుపట్ల:

కాకతి రుద్రమదేవి మరణం ఈ చర్చకు అత్యంత అనువైన ఉదాహరణ. నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపంలోని చందుపట్ల గ్రామంలో దొరికిన శాసనం శకసంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరానిది. సామాన్యశకంలో 1289 నవంబరు. ఈ శాసనం వెలుగులోకి రాకముందు రుద్రమ పాలన 1295-96 వరకు సాగిందని చరిత్రకారులు భావించారు. పి. వి. పరబ్రహ్మశాస్త్రి దీనిని పరిశీలించి, 1289 నాటికే ఆమె మరణించిందని నిరూపించారు. రాష్ట్రచరిత్రలో ఒకే ఒక్క రాయి ఒక పాలనాకాలాన్ని ఆరేడేళ్లు కుదించిన సందర్భమిది. ఇప్పటికీ మార్కెట్లో ఉన్న కొన్ని పుస్తకాలలో పాత సంవత్సరమే కనిపిస్తుంది. రెండు సంవత్సరాలు ఎందుకున్నాయో అడిగిన విద్యార్థికి, పరీక్షలో ఏది రాయాలో చెప్పడంతో చర్చ ముగుస్తుంది.

శాసనం ఏమంటున్నది? పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, తన ప్రభువైన మల్లికార్జుననాయకునికీ, కాకతి రుద్రమదేవికీ శివలోకప్రాప్తి పుణ్యార్థంగా సోమనాథదేవరకు భూమి సమర్పించాడు. సారాంశం ఇంతే. ఇది దానశాసనం. యుద్ధం గురించి ఇందులో లేదు. శత్రువు పేరు లేదు. మరణించిన స్థలం లేదు. కాని పాఠం చెప్పేది వేరు: కాయస్థ అంబదేవునితో పోరాడుతూ రుద్రమదేవి చందుపట్ల దగ్గర వీరమరణం పొందింది.

ఈ రెండింటి మధ్య ఎన్ని మెట్లున్నాయో తరగతిలో లెక్కపెట్టించడం మంచి అభ్యాసం. శివలోకప్రాప్తి చెప్పినందున ఇద్దరూ మరణించి ఉండాలి. ఇది దాదాపు నిశ్చయం. ఇద్దరి పేర్లు ఒకే దానంలో ఉన్నందున ఇద్దరూ ఒకే సమయంలో మరణించి ఉండవచ్చు. ఇది సంభావ్యం. మల్లికార్జుననాయకుడు సేనాని గనుక, ఆ కాలంలో అంబదేవుడు కాకతీయులపై తిరుగుబాటు చేసి ఉన్నాడు గనుక, మరణం యుద్ధంలో సంభవించి ఉండవచ్చు. ఇది ఊహ. ఊహే అయినా ఆధారరహితమైనది కాదు. శకసంవత్సరం 1212 నాటి త్రిపురాంతక శాసనం అంబదేవుని విజయాలను ఏకరువు పెడుతుంది. ఆ శాసనాన్ని చందుపట్ల శాసనం పక్కన పెట్టినప్పుడే ఈ ఊహకు బలం వస్తుంది. ఇక యుద్ధం జరిగిన చోటు చందుపట్లే అనడం మరో ఊహ. దానశాసనం ఎక్కడ నిలిపారో అక్కడే మరణం సంభవించాలన్న నియమమేమీ లేదు. ఇక ‘వీరమరణం’ అన్న మాట పూర్తిగా ఆధునిక పాఠ్యరచయితది. శివలోకప్రాప్తిని చెప్పిన పదజాలానికీ వీరమరణాన్ని చెప్పే పదజాలానికీ మధ్య భావజగత్తు మారిపోయింది. ఒకటి భృత్యుని భక్తి, మరొకటి జాతీయోద్యమం తరువాత తెలుగు గద్యంలో స్థిరపడిన నుడికారం.

పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు ఈ మెట్లన్నీ తెలిసి ఎక్కినవారు. వారి నిర్ణయాన్ని పాఠం స్వీకరించడంలో తప్పు లేదు. మెట్లను తీసివేసి నిర్ణయాన్ని మాత్రమే అందించడం వల్ల విద్యార్థికి చరిత్ర అంటే ఎవరో చెప్పిన కథ అన్న అభిప్రాయం ఏర్పడుతుంది. అదే విద్యార్థి రేపు ఇంకెవరో ఇంకొక కథను ఇంకా గట్టిగా చెబితే దానినీ అంతే తేలికగా నమ్ముతాడు.

ఇక్కడికి మార్కోపోలోను కూడా పిలిపించవచ్చు. అతను ‘ముత్ఫిలి’ అని పేర్కొన్న రాజ్యం మోటుపల్లి రేవును బట్టి పిలిచినదని చరిత్రకారుల అభిప్రాయం. భర్త మరణానంతరం నలభై సంవత్సరాలుగా ఒక రాణి న్యాయంగా పాలిస్తున్నదని అతను ప్రశంసించాడు. ఆ రాజ్యంలోని వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని నేతబట్టలను వర్ణించాడు. పాఠ్యపుస్తకాలు ప్రశంసను ఉంచి తక్కినది వదిలివేస్తాయి. కాని వదిలిన భాగమే తరగతికి ఉపయోగపడుతుంది. రుద్రమ గణపతిదేవుని కుమార్తె, భార్య కాదు. ఆమె తండ్రి తరువాత సింహాసనమెక్కింది. భర్త అయిన చాళుక్య వీరభద్రుడు కాకతీయ సింహాసనమెక్కినవాడు కాడు. పైగా మార్కోపోలో ఈ తీరం మీదుగా సాగినది 1290 తరువాతి సంవత్సరాలలో. చందుపట్ల శాసనం ప్రకారం అప్పటికే ఆమె లేదు. పుస్తకం జెనోవా చెరలో మరొకరికి చెప్పి రాయించినది. అతను చూచి చెప్పాడా, విని చెప్పాడా? విన్నది ఎవరి వల్ల? ఓడరేవు వర్తకుల నోట ఒక రాణి కీర్తి ఆమె మరణం తరువాత కూడా వర్తమానకాలంలోనే సాగి ఉండవచ్చు కదా? ఒక తప్పు సాక్ష్యం కూడా ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకంటే చేరువైన ఉదాహరణ దొరకదు. ఇదే రాణిని స్వదేశపు శాసనాలు కొన్ని ‘రుద్రదేవ మహారాజు’ అని పురుషనామంతో వ్యవహరించాయి. విదేశీయుడు రాణి అన్నాడు, స్వదేశీయులు మహారాజు అన్నారు. ఈ రెండు సంబోధనలను పక్కపక్కన పెడితే అధికారానికీ లింగానికీ ఉన్న సంబంధం మీద ఒక పూర్తి తరగతి నడుస్తుంది.

3. అభయం ఎవరికి? - మోటుపల్లి:

శకసంవత్సరం 1166, క్రోధి నామ సంవత్సరంలో గణపతిదేవ చక్రవర్తి వేయించిన మోటుపల్లి అభయశాసనం కాకతీయుల వాణిజ్యవిధానానికి నిలువెత్తు సాక్ష్యంగా బోధించబడుతున్నది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వరాజులు బలాత్కారంగా లాగుకొనేవారనీ, తాను కృపతో, కీర్తికోసం, ధర్మంకోసం కూపశుల్కం తప్ప మరేమీ తీసుకోననీ రాజు హామీ ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతులపై ముప్పయ్యింట ఒక వంతు సుంకమని నిర్ణయించి, గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు మొదలైన సరుకులపై చెల్లించవలసిన పన్నులను శాసనం వివరించింది.

పాఠం దీనినుండి తీసే నిర్ణయం ఒక్కటే: గణపతిదేవుడు విదేశీ వాణిజ్యాన్ని ప్రోత్సహించిన ఉదారుడు. కాని శాసనాన్ని రచనగా చదివితే వేరే ప్రశ్నలు లేస్తాయి. పూర్వరాజులు దోచుకున్నారని చెబుతున్నవాడు ఎవరు? వారి స్థానంలోకి కొత్తగా వచ్చినవాడు. తీరాంధ్రం కాకతీయుల చేతికి వచ్చి అప్పటికి ఎంతోకాలం కాలేదు. కృప, కీర్తి, ధర్మం అని ప్రశస్తిభాగం చెబుతుండగా, సరుకుల పట్టిక ఇంకొక సంగతి చెబుతుంది. అభయం ఉదారత మాత్రమే కాదు, ఆదాయమార్గం. ఓడ రాకపోతే సుంకం రాదు. ఇవి రెండూ ఒకే రాతి మీద ఉన్నాయి. ప్రశస్తిని చదివి పట్టికను వదిలినవారికి రాజు దయామయుడుగా కనిపిస్తాడు. పట్టికను చదివి ప్రశస్తిని వదిలినవారికి రాజు వ్యాపారిగా కనిపిస్తాడు. రెండూ చదివిన విద్యార్థికి పదమూడవ శతాబ్దపు రాజ్యం ఎలా మాట్లాడేదో తెలుస్తుంది.

మరొక విషయం. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు. నూరేళ్లు దాటిన తరువాత అదే రేవులో అటువంటి హామీ ఇవ్వవలసివచ్చింది. మొదటి హామీ నడుమ చెల్లకుండా పోయిందనుకోవాలా, రాజ్యం మారినప్పుడల్లా హామీని కొత్తచేతితో రాయించుకోవడం వర్తకుల ఆచారమనుకోవాలా? శాసనం చేస్తామన్నదానిని చెబుతుంది, జరిగినదానిని కాదు. చట్టాన్ని చదివి సమాజాన్ని చూశామనుకునే పొరపాటు పరిశోధక విద్యార్థులలో కూడా కనిపిస్తున్నందున, ఈ జంట శాసనాలను ఒకే పూటలో చదివించడం వల్ల కలిగే ప్రయోజనం చిన్నది కాదు.

4. కరణం కలం - కైఫియత్తులు:

శాసనాలు రాజుల మాట అయితే కైఫియత్తులు ఊరి మాట అన్న వ్యాఖ్య తరచుగా వినిపిస్తుంది. దీనిని కొంత సవరించుకోవలసి ఉంది. కైఫియత్తు ఊరి కరణం మాట. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారి కింది గుమాస్తాలు గ్రామాలు తిరిగి ఈ వృత్తాంతాలను సేకరించారు. మెకంజీ కంపెనీ సర్వే అధికారి. 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలు అయ్యాడు. అంటే అడిగినవాడు భూమిని కొలిచే ప్రభుత్వపు మనిషి, చెప్పినవాడు ఆ భూమి లెక్క రాసే మనిషి. అడిగిన క్షణంలో కరణం మనస్సులో ఏముండి ఉంటుంది? అగ్రహారం ఎవరు ఇచ్చారు, ఇనాం ఎప్పటినుండి సాగుతున్నది, మిరాసి హక్కు ఎవరిది. ఇవే కైఫియత్తుల్లో పదేపదే వచ్చే అంశాలు కావడం యాదృచ్ఛికం కాదు.

అందువల్ల ఒక కైఫియత్తు ప్రతాపరుద్రుని కాలంలో తమ ఊరు కట్టబడిందని చెబితే, దానిని ప్రతాపరుద్రుని కాలపు చరిత్రకు ఆధారంగా వాడడంలో చాలా జాగ్రత్త కావాలి. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఒక గ్రామం తన హక్కులను ఏ పూర్వరాజు పేరుతో నిలబెట్టుకోవాలనుకున్నదన్నదానికి మాత్రం అది నమ్మదగిన ఆధారం. ఈ తేడా తెలియకపోవడం వల్లనే స్థానికచరిత్ర పేరుతో వస్తున్న సిద్ధాంతగ్రంథాలు కొన్ని కైఫియత్తు పాఠాన్ని యథాతథంగా మొదటి అధ్యాయంగా మార్చుకుంటున్నాయి. ఇది పరిశోధన కాదు, ప్రతిలేఖనం. కరణం రెండువందల ఏళ్ల క్రితం చేసిన వాదనను పరిశోధకుడు తెలియకుండానే అతని తరఫున మళ్లీ చేస్తున్నాడు. కైఫియత్తులో ఎవరు లేరన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. చెరువు తవ్వించిన దొర పేరుంటుంది, తవ్వినవారి పేరుండదు.

కైఫియత్తుల భాష తరగతికి మరో అవకాశం. కౌలు, శిస్తు, జమాబందీ, తరఫు, మొఖాసా వంటి మాటలతో నిండిన ఆ తెలుగు పారసీక పాలనావ్యవహారం నుండి వచ్చినది. సి. పి. బ్రౌన్ నిఘంటువునూ, 1855లో వెలువడిన విల్సన్ రెవిన్యూ పదకోశాన్నీ దగ్గర పెట్టుకొని నాలుగు పుటలు చదివితే, గ్రాంథిక, వ్యావహారిక వాదాలకు ముందే తెలుగు వచనం ఎంత పనిచేసేదో తెలుస్తుంది. ఈ పని చరిత్ర అధ్యాపకుడు ఒక్కడే చేయలేడు. భాషాచరిత్ర తెలిసిన తెలుగు అధ్యాపకుడు తోడుండాలి. రెండు శాఖలు ఒకే వరండాలో ఉన్న కళాశాలల్లో కూడా ఇది అరుదుగానే జరుగుతున్నది.

ఇదే కాలానికి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చక్కని జోడుపాఠం. 1830 మే నుండి 1831 సెప్టెంబరు వరకు సాగిన ప్రయాణాన్ని మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ అయిన రచయిత దినచర్యగా రాశాడు. నిజాం రాజ్యంలో అడుగుపెట్టగానే ఆయనకు కనిపించిన అవ్యవస్థను, కంపెనీ సీమలో కనిపించిన వ్యవస్థను ఆయన ఉద్యోగం ఎంతవరకు నిర్ణయించిందన్న ప్రశ్న విద్యార్థికి వదిలిపెట్టదగినది.

5. సంతకాలున్న కాగితాలు - 1937, 1956:

శాసనాలను తప్పుగా చదివితే నష్టం జ్ఞానానిది. ఇరవయ్యో శతాబ్దపు రాజకీయ పత్రాలను తప్పుగా చదివితే నష్టం అంతటితో ఆగదు. 2014 జూన్ 2 తరువాత ఒకే చరిత్రను రెండు రాష్ట్రాలు రెండు పుస్తకాలుగా రాసుకున్నాయి. రెండు పుస్తకాలూ ఒకే పత్రాలను ఉదహరిస్తాయి. ఉదహరించే వాక్యాలు మాత్రం వేరు.

1955 సెప్టెంబరు 30న సమర్పించిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదికలోని హైదరాబాదు ప్రకరణం ఇందుకు నిదర్శనం. ఫజల్ అలీ సంఘం మొదట విశాలాంధ్ర వల్ల కలిగే ప్రయోజనాలను సానుభూతితో వివరించింది. తరువాత తెలంగాణ ప్రజల భయాలను అంతే వివరంగా చెప్పింది. చివరకు తెలంగాణను ప్రస్తుతానికి ప్రత్యేక రాష్ట్రంగా ఉంచాలనీ, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తరువాత శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరితే ఆంధ్రతో ఏకం కావచ్చుననీ సిఫారసు చేసింది. మొదటి భాగాన్ని మాత్రమే చదివినవారికి సంఘం విలీనాన్ని కోరింది. రెండవ భాగాన్ని మాత్రమే చదివినవారికి సంఘం విలీనాన్ని తిరస్కరించింది. ఇరుపక్షాల వేదికల మీదా ఇదే నివేదిక చేతిలో పట్టుకుని మాట్లాడినవారున్నారు. మొత్తం ప్రకరణం పెద్దదేమీ కాదు. ఒక వారం తరగతులలో పూర్తిగా చదివించవచ్చు. ఒక వాదానికి అనుకూలమైన భాగాన్ని కత్తిరించి తెచ్చిన ఆధారం, ఆధారమే లేని వాదం కంటె ప్రమాదకరం. దానిలో అబద్ధం ఉండదు గనుక పట్టుకోవడం కష్టం.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒడంబడిక ఇంతకంటె చిన్నది. వాల్తేరు, అనంతపురాలలో విశ్వవిద్యాలయ కేంద్రాలు, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటి వినియోగంలో కొంతకాలం వెనుకబడిన ప్రాంతాలకు ప్రాధాన్యం, శాసనసభ స్థానాల పంపకం, రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాకు, మరొకటి రాయలసీమకు - ఇవి ఇందులోని ముఖ్యాంశాలు. 1953లో కర్నూలు రాజధాని కావడానికి, తరువాత గుంటూరులో హైకోర్టు ఏర్పడడానికి ఈ పత్రం వెనుక నిలిచింది. విద్యార్థి రాజధాని అంశాన్ని గుర్తుంచుకుంటాడు. నీటి అంశాన్ని మరచిపోతాడు, లేదా పుస్తకమే మరచిపోతుంది. రాజధాని వార్తాపత్రికలలో ఉంటుంది, నీరు పొలంలో ఉంటుంది. ఈ పత్రానికి చట్టబద్ధత ఏమిటి, సంతకం చేసినవారు ఎవరి తరఫున చేశారు, సంతకం చేసినవారిలో ఏయే వర్గాలు లేవు అన్న ప్రశ్నలు పాఠంలో కనిపించవు. కాని ఆ ప్రశ్నలు లేకుండా, తరువాతి దశాబ్దాలలో ఒడంబడిక అమలు గురించి రాయలసీమ నుండి ఎందుకు అంతటి ఆవేదన వచ్చిందో అర్థం కాదు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాదు హౌస్‌లో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందాన్ని, అదే సంవత్సరం ఆగస్టులో పార్లమెంటు ముందుంచిన రక్షణల పత్రాన్ని పక్కపక్కన ముద్రించి చదివించే పాఠ్యప్రణాళిక ఉంటే, పత్రం నుండి పత్రానికి మాట ఎలా ప్రయాణిస్తుందో విద్యార్థి కంటితో చూడగలడు. ఒప్పందంలో ‘ప్రాంతీయ మండలి’గా ఉన్నది తరువాత ‘ప్రాంతీయ సంఘం’గా మారింది. పేరు మార్పుతోపాటు అధికారంలో ఏమి మారిందన్నది వాక్యం వాక్యం పోల్చి చూడవలసిన పని. అలాగే చర్చలలో ఏకాభిప్రాయం కుదరని అంశాలు కొన్ని మిగిలిపోయాయి. రాష్ట్రం పేరు అందులో ఒకటి. కుదిరిన అంశాలనే కాక కుదరనివాటిని కూడా చదివినప్పుడు ఒప్పందం ఒక బేరంగా, ఆ బేరంలో ఇద్దరు వాదులున్న సంఘటనగా సజీవమవుతుంది.

ఇక్కడ పదం మీద ఒక మాట. ‘పెద్దమనుషుల ఒప్పందం’ అన్నది ఇంగ్లీషు పదబంధానికి అనువాదమే అయినా తెలుగు చెవికి అది వేరే అర్థాన్ని మోస్తుంది. ఊళ్లో తగవు పడితే రచ్చబండ మీద తీర్పు చెప్పేవారు పెద్దమనుషులు. వారి తీర్పుకు చట్టం లేకున్నా, తప్పినవారిని ఊరు వేలెత్తి చూపుతుంది. ఇంగ్లీషు మాటలో ఉన్నది పరస్పర గౌరవం. తెలుగు మాటలో ఉన్నది నలుగురి ముందు ఇచ్చిన మాట. 1969లోనూ, తరువాతా ఒప్పంద ఉల్లంఘన గురించి తెలంగాణలో వినిపించిన నైతికాగ్రహం ఈ రెండవ అర్థం నుండి కూడా బలం తీసుకున్నదని భావించడానికి అవకాశం ఉంది. ఈ పరిశీలన అనువాదాన్ని మాత్రమే చదివిన చరిత్ర విద్యార్థికీ, సందర్భం తెలియని భాషావిద్యార్థికీ విడివిడిగా తట్టదు.

6. లిపి, పరీక్ష, ఇంటి కాగితం:

1923లో కొమర్రాజు లక్ష్మణరావు మరణానంతరం ఆయన పేరును ధరించిన లక్ష్మణరాయ పరిశోధక మండలి హైదరాబాదు రాజ్యంలో ఊరూరా తిరిగి శాసనాలను సేకరించి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ వెలువరించింది. ఆదిరాజు వీరభద్రరావు ప్రభృతులు ఏ విశ్వవిద్యాలయపు చరిత్రశాఖలోనూ ఆచార్యులు కారు. ఉపాధ్యాయులు, వకీళ్లు, పత్రికారచయితలు చేసిన పని అది. శాసనపాఠాన్ని తెలుగు పాఠకుని ముందుంచడమే తమ బాధ్యత అని ఆ తరం నమ్మింది. ఇప్పుడు ముద్రిత సంపుటాలు గ్రంథాలయాల్లో ఉన్నాయి, అనేకం అంతర్జాలంలో కూడా లభిస్తున్నాయి. అందుబాటు పెరిగినకొద్దీ పఠనం తగ్గిందనడం కటువుగా ఉన్నా కాదనలేని మాట.

కారణం ఒక్కటే అనుకోవడం సరికాదు. అధ్యాపకునికి పాఠ్యప్రణాళిక పూర్తిచేయవలసిన గడువుంది. విద్యార్థికి గ్రూప్ పరీక్షలలో నాలుగు ఐచ్ఛికాలలో ఒకటి గుర్తించవలసిన అవసరముంది. చందుపట్ల శాసనం వేయించినది ఎవరన్న ప్రశ్నకు పువ్వుల ముమ్మడి అని గుర్తించడం జ్ఞాపకశక్తికి పరీక్ష. అదే శాసనపాఠాన్ని ప్రశ్నపత్రంలో ముద్రించి, దీని నుండి నిశ్చయంగా చెప్పగలిగినది ఏది, ఊహించగలిగినది ఏది, చెప్పడానికి వీలులేనిది ఏది అని అడిగితే దిద్దేవారికి సమయం పడుతుంది, మార్కులలో భేదాభిప్రాయం వస్తుంది. విశ్వవిద్యాలయాలు దీనికి వెనుకాడడం అర్థం చేసుకోదగినదే. కనీసం స్నాతకోత్తర స్థాయిలో ఒక్క పత్రంలోనైనా ఇటువంటి ప్రశ్నను ప్రవేశపెట్టకపోవడం మాత్రం సమర్థనీయం కాదు. ఆ స్థాయి దాటినవారే రేపు సిద్ధాంతగ్రంథాలు రాస్తారు.

భాషాసమస్య తెలంగాణలో మరింత లోతైనది. హైదరాబాదు రాజ్యంలో 1884 వరకు పారసీకం, తరువాత ఉర్దూ పాలనాభాషలు. హైదరాబాదులోని రాష్ట్ర ప్రాచ్యలిఖిత, పురాలేఖ సంపదలో మొగలు కాలపు పత్రాలతో మొదలుకొని ఫర్మానాల వరకు పెద్దభాగం ఈ భాషలలోనిదే. తెలుగు మాధ్యమంలో చదివిన పరిశోధక విద్యార్థి వీటిని ముట్టలేక, ఇంగ్లీషులో లభించే రెసిడెన్సీ పత్రాల మీద ఆధారపడుతున్నాడు. ఫలితంగా నిజాం కాలపు తెలంగాణ గురించి రాసిన సిద్ధాంతవ్యాసంలో నిజాం ప్రభుత్వం స్వరమూ, రైతు స్వరమూ రెండూ లేక బ్రిటిషు అధికారి స్వరం మిగులుతుంది. పరిశోధక విద్యార్థులకు ఆరు నెలల ఉర్దూ లిపిపరిచయం ఏర్పాటు చేయడం ఏ విశ్వవిద్యాలయానికీ శక్తికి మించిన పని కాదు.

అయితే మూలపత్రం కోసం పురాలేఖల వరకు పోనవసరం లేని సందర్భం కూడా ఉంది. తెలంగాణలో వ్యవసాయ కుటుంబం నుండి వచ్చిన విద్యార్థి ఇంటి పెట్టెలో సేత్వార్ నకలో, 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలో ఉండే అవకాశం ఉంది. కోస్తా జిల్లాల విద్యార్థి తాతగారి కాగితాల్లో ఇంగ్లీషు, తెలుగు రెండింటిలో ముద్రించిన సెటిల్‌మెంటు డైగ్లాట్ రిజిస్టరు పుట దొరకవచ్చు. పట్టాదారు గడిలో ఎవరి పేరుంది, సాగుదారు గడిలో ఎవరి పేరుంది, ఆ రెండు పేర్లు ఎందుకు వేరయ్యాయి అన్న ప్రశ్న జాగీర్దారీ రద్దు, కౌలుదారీ చట్టాల పాఠాన్ని ఏ ఉపన్యాసం కంటెనూ దగ్గరగా తెస్తుంది. దీనిలో జాగ్రత్త వహించవలసిన విషయం ఉంది. ఆ రెండు గడులలోని కుటుంబాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చొని ఉండవచ్చు, వారి మధ్య ఆ భూమి వ్యాజ్యం ఇంకా నడుస్తూ ఉండవచ్చు. అటువంటప్పుడు పేర్లు, సర్వే నంబర్లు కప్పి, పక్క జిల్లా గ్రామపు పుటను తరగతికి తేవడం అధ్యాపకుని విచక్షణ.